ఎనిమిదో మైకు

“అవునా, కాదా అని స్క్రీన్ మీద అడుగుతోందిగా? అవును నొక్కు షిబీ,” అంది సిస్టర్ ఎల్సిట్. “నాలుగింటికి పెళ్లి.”

“నొక్కితే పాత సెట్టింగులన్నీ చెరిగిపోతాయి సిస్టర్.”

“పొద్దుట్నుంచి బిగుసుకుపోయిన సౌండ్ మిక్సరుకి సెట్టింగులెందుకు?”

చర్చిలో మైకులు చూసుకునే షిబి నొక్కాడు. మెమరీ కార్డులోని కొత్త సాఫ్ట్‌వేర్ మిక్సరులోకి ఎక్కడానికి పావుగంట పట్టింది. ఆ తర్వాత కేరళలోని ఆ పాలా ఊరి చర్చిలో మైకులన్నీ ఒకేసారి తెరుచుకున్నాయి. ఎనిమిదోది కూడా.

అది అవిరా చేట్టన్‌ది, అంటే అవిరా అన్నది. పదకొండేళ్ల కిందట చర్చికి మిక్సరు కొనిచ్చి, పాటల బృందంలో చోటు అడిగిన పెద్దమనిషి. ఆయన శ్రుతి విన్న మొదటి ఆదివారమే షిబి ఆ మైకు మూసి, అలాగే సేవ్ చేసి పెట్టాడు. ఎవరికీ చెప్పలేదు.

షిబి చెయ్యి బటన్ మీదికి వెళ్లేలోపే, పెళ్లిపాట సాధనకి మైకు ముందు నిలబడ్డ అవిరా చేట్టన్ పల్లవి ఎత్తుకున్నాడు. గంటగోపురం మీద పావురాలు లేచాయి. సిస్టర్ శిలువ గుర్తు వేసుకుంది.

ఆయన పాట ఆపి తిన్నగా మిక్సరు దగ్గరికి వచ్చాడు. షిబి లేచి నిలబడ్డాడు.

“చేట్టా, అదీ...”

“ఎర్రదీపం ఏదిరా?”

“మీకు తెలుసా?”

“మాన్యువల్ రెండుసార్లు చదివాను. ఎనిమిది దగ్గర ఎర్రదీపం వెలిగితే మైకు మూసినట్టని తెలీదా?”

“మరి ఇన్నేళ్లూ అడగలేదే?”

“దేవుడికి స్పీకరెందుకురా? అది వెలుగుతోందన్న ధైర్యంతోనే నోరారా పాడుకున్నాను.”

ఎనిమిదో బటన్ ఆయనే నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది.

“ఇప్పుడు సేవ్ చెయ్యి,” అని తన మైకు దగ్గరికి వెళ్లి, గొంతు సవరించుకున్నాడు.