మూడో మనిషి నీళ్లు

మే పదకొండు నాకు బాగా గుర్తు. ఆ పూట పెరుగన్నంలో మాగాయ నంజుకున్నాం. అప్పటికే ప్రతి ఊళ్లోనూ వేసవి నీటి పంపకాన్ని ఎకనామిక్స్ శిబిరంలోని పిల్లలకు అప్పగించేశారు. ఓటు లేనివాళ్లకు పక్షపాతం ఉండదని పెద్దలంతా ఒప్పుకున్నారు. ఒంగోలులో మా వీధి పదకొండో తరగతి చదివే మా అమ్మాయి వకుళ చేతికి వచ్చింది.

"ఏమ్మా ఆర్థిక మంత్రీ, రేపన్నా నాకు తలస్నానం ఉందా?" అని పక్కింటి భాగ్యమ్మ గోడ మీంచి అడిగింది.

"రేపూ లేదత్తా. సెంటు కొట్టుకో."

సాయంత్రం కుళాయి వదిలారు. మా ఇంటికి ముగ్గురి వంతు వచ్చింది. మాఘంలో పోయిన నా భార్య పేరు వకుళ జాబితాలో ఇంకా ఉంది. మర్నాడే తనిఖీ. సొంత ఇంటికి ఎక్కువ రాసుకున్నట్టు తేలితే శిబిరం నుంచి పంపేస్తారు, కాలేజీ సీటూ పోతుంది.

"మరిచిపోయావా తల్లీ?"

"లేదు నాన్నా. అమ్మ పేరు తీసేస్తే శిబిరం వాళ్లిచ్చిన ట్యాబ్ కారణం రాయమంటోంది. రోజూ తెరుస్తున్నా, రాయలేక మూసేస్తున్నా."

నాకు ఏడుపు రాలేదు. ఆ మధ్య ఏదీ రావడం లేదు. ట్యాబ్ అందుకుని కారణం నేనే రాశాను, తేదీతో సహా. తనిఖీకి ముందే దిద్దుకున్నాం కాబట్టి ట్యాబ్ వకుళకు కొన్ని మార్కులు మాత్రం తగ్గించి ఊరుకుంది. ఇంకేమీ అడగలేదు, అదే పదివేలు.

వకుళ బిందెల వైపు చూసింది. "ఈ నీళ్లు వెనక్కి ఇచ్చేయాలిగా?"

"రేపు ఇద్దాం. ఈ రాత్రికి ఉండనీ."

తను ఒక్కో బిందె మీదా మూత పెట్టి, వంటింటి తలుపు చప్పుడు కాకుండా మూసింది.