గురుడు సాగదీసిన దారి

సుంకమ్మ, ఆమె మొగుడు ఓబులేసు గ్రహశకలాల పట్టీ వెలుపలి అంచున ఒక రాతి మీద కాపురముండి నికెల్ తవ్వేవారు. ఆ రాయి సూర్యుణ్ణి రెండుసార్లు చుట్టేలోగా గురుగ్రహం ఒకసారి చుట్టి వచ్చి, ఎప్పుడూ అదే చోట దాన్ని గుంజేది. ఊగే ఉయ్యాలను పదేపదే తోసినట్టు, ఆ గుంజుడుకు రాయి దారి యుగాలుగా కోలగా సాగుతూ వచ్చింది. ఈసారి అది నలభై కుటుంబాలున్న పక్క రాతిని ఢీకొట్టబోతోంది.

ఉన్న ఇంధనం ఒక్క పనికే చాలుతుంది. దానితో తమ రాతినైనా పక్కకు నెట్టాలి, లేదా వాళ్లిద్దరూ తమ అంతరిక్ష పడవెక్కి పారిపోవాలి.

సుంకమ్మ రాతికి బిగించిన ఇంజను మీట మీద చెయ్యి వేయగానే ఓబులేసు ఆమె జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు.

"వాళ్లు మనకేమైతారే? ఇంధనమంతా కాలిస్తే పోయే దారి లేక, గాలి అయిపోయి మనం ఈడే సస్తాం!"

"ఆడ పసిబిడ్డలుండారు!"

అతను ఆమె గొంతు నులిమాడు. కళ్లు బైర్లు కమ్ముతుండగా ఆమె చేతికి గునపం దొరికింది. ఉన్న బలమంతా కూడదీసుకుని అతని మోకాలి మీద కొట్టింది. ఎముక పటుక్కున విరిగింది. అతను కూలిపోగానే ఆమె పాక్కుంటూ వెళ్లి మీటను కిందికి లాగింది.

రాయి గజగజా వణికింది. గిన్నెలు ఎగిరిపడ్డాయి. కాసేపటికి పక్క రాతి దీపాలు కిటికీ నిండా వెలిగి, మెల్లగా దాటిపోయాయి.

"నన్ను సంపేసినావు గదే!" అని ఓబులేసు ఏడ్చాడు.

సుంకమ్మ నోట్లోని నెత్తురు ఉమ్మేసి, తువ్వాలు చించి అతని కాలికి కట్టు కట్టసాగింది.

"కదలొద్దు. పానముండేదాకా నేనే మోస్తా."