ఒక్క ట్రిప్పు

"ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు డాక్టరు, కాగితం అడుగున వేలు పెట్టి చూపిస్తూ. "గుండె ఆగితే దాన్ని మళ్లీ ఆడించే ప్రయత్నం చెయ్యొద్దని మీరు ఒప్పుకుంటున్నట్టు. అంతే."

అంతేనట! డ్రైవరు కాగితం వైపు చూశాడు. అక్షరాలు కనిపిస్తున్నాయి గానీ బుర్రకెక్కడం లేదు. వారం రోజులుగా ఏదీ ఎక్కడం లేదు. బస్సు ఫుట్‌బోర్డు రేకు గీసుకుని భార్య కాలికి బెత్తెడు గాయమైంది. "ఏం కాదులెండి" అని గుడ్డపీలిక చుట్టుకుని మూడు రోజులు డ్యూటీ చేసింది. నాలుగో రోజు చలిజ్వరం, ఐదో రోజు ఐసీయూ. ఇన్ఫెక్షన్ రక్తమంతా పాకేసిందన్నారు.

"మత్తుమందు ఆపి రెండు రోజులైంది. ఈపాటికి పిలిస్తే పలకాలి, కనీసం వేలన్నా కదపాలి. ఏమీ లేదు" అన్నాడు డాక్టరు గొంతు తగ్గించి. "ఆవిడని ఇంకా బాధపెట్టడం ఎందుకు చెప్పండి?"

పక్కనే ఉన్న వదిన, భార్యకి స్వయానా అక్క, ముక్కు తుడుచుకుంది. "పెట్టెయ్ మరిదీ. దాని ఒళ్లంతా సూదులతో తూట్లు పొడిచేశారు, నేను చూడలేను. అయినా నువ్వేమిటయ్యా, గుండ్రాయిలా అలా నిలబడ్డావు? కట్టుకున్నది పోతుంటే ఒక్క చుక్క కన్నీరన్నా రాదేం నీకు?"

రావడం లేదు. నిజమే. ఏడవాలనే ఉంది, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో తెలియడం లేదు.

"పెడతాను" అన్నాడు. "ఒక్క ట్రిప్పు వేసొచ్చి పెడతాను."

డాక్టరు తెల్లబోయి నర్సు వైపు చూశాడు.

"రోజూ ఇంతే సార్" అంది నర్సు. "పేషెంటుతో ఏదో ఒకటి మాట్లాడండి, వినపడుతుందేమో అన్నాను. ఈయన బస్సు స్టాపులు చెబుతారు. అదీ ఆవిడకి వీపు పెట్టి కూర్చుని!"

"నాకు మాటలెక్కడివమ్మా" అన్నాడు డ్రైవరు. "ఇరవై రెండేళ్లుగా నేను ముందు బండి తోలడం, ఆవిడ వెనకాల టికెట్లు కొట్టడం. మాటలన్నీ ఆవిడవే. నాకు తెలిసిందల్లా ఆవిడ కొట్టే బెల్లు. ఒకటి కొడితే ఆపాలి, రెండు కొడితే కదలాలి. ఇంట్లోనూ అదే వరస. గరిటెతో గిన్నె మీద ఒక్కటి కొట్టిందంటే నేను నోరు మూసుకోవాల్సిందే."

నర్సు నవ్వబోయి ఆపుకుంది.

చేతులు కడుక్కుని, వాళ్లిచ్చిన ఆకుపచ్చ గౌను తొడుక్కుని లోపలికెళ్లాడు. ఆ గొట్టాల మధ్య మొహం ఎవరిదో పరాయి మనిషిదిలా ఉంది. వీపు పెట్టి కూర్చుంటేనే ఆవిడ ఆవిడలా ఉంటుంది. స్టూలు తిప్పుకుని కూర్చున్నాడు. నర్సు ఆవిడ వేలికున్న ప్లాస్టిక్ క్లిప్పు సరిచేసి, చేతిని మంచం కమ్మీ పక్కన పెట్టింది.

"కండక్టరు గారూ, బయల్దేరుతున్నాం" అన్నాడు. "డిపో... మార్కెట్... ముసలాళ్లున్నారు, నెమ్మదిగా దిగనివ్వండి... పోస్టాఫీసు..."

ఒక్కో స్టాపు దగ్గరా జనం దిగేంతసేపు ఆగుతున్నాడు. తలుపు దగ్గర డాక్టరు చేతిలో కాగితం కనిపిస్తోంది. కింద మూలనే కదా పెట్టాలి. పూర్తి పేరు రాయాలా, పొడి అక్షరాలు చాలా?

"మిల్లు గేటు... వంతెన..."

టక్.

వెనకాల ఇనప కమ్మీ మీద చప్పుడు. ఒక్కటే. డ్రైవరు కుడికాలు తనంతట తనే నేలని గట్టిగా అదిమేసింది.

"క్లిప్పు జారి తగిలుంటుంది" అన్నాడు డాక్టరు.

"కాదు. ఆపమంటోంది." డ్రైవరు వెనక్కి తిరగలేదు. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాడు. మార్కెట్, పోస్టాఫీసు, మిల్లు గేటు... అయ్యో! మిల్లు గేటు తరవాత స్కూలు కదూ? ఒకసారి అక్కడ ఇద్దరు పిల్లలు నిలబడి ఉండగా దాటించేశాడని, నిండు బస్సుని వంతెన దగ్గర్నుంచి వెనక్కి తిప్పించింది మహాతల్లి. ఆ పూటంతా చీవాట్లే.

"పొరపాటైంది కండక్టరు గారూ" అన్నాడు. కళ్లు మసకబారిపోతున్నాయి. తోలేటప్పుడు అలా కాకూడదు. చేత్తో తుడుచుకున్నాడు. "స్కూలు వదిలేశాను. వెనక్కి తీస్తున్నాను. ఇదిగో... స్కూలు."

పిల్లలందరూ ఎక్కేంతసేపు ఆగాడు.

టక్. టక్.

రెండుసార్లు బెల్లు కొట్టింది కండక్టరు.