నూనెల కొట్టులో పెద్దమ్మ

ఆమె చెప్పులు గుమ్మం బయటే విడిచి, అద్దాల తలుపు తోసుకుని లోపలికి వచ్చింది.

న్యూ టౌన్ మాల్‌లోని ఆ కొట్టుకు అలా వచ్చినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. అక్కడ అమ్మేవి ఇటలీ నుంచీ స్పెయిన్ నుంచీ వచ్చే ఆలివ్ నూనెలు, చీజులు, ఉప్పునీళ్ళలో ఊరిన కాయలు.

కౌంటర్ దగ్గరున్న అశ్వినికి నవ్వొచ్చింది. ఆపుకుంది. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు మరి.

"చెప్పులతో రావచ్చు మాసీ," అంది హిందీలో.

"గచ్చు అద్దంలాగున్నాది. మట్టి సెయ్యడమెందుకమ్మా?"

జవాబు తెలుగులో వచ్చేసరికి అశ్విని తెల్లబోయింది.

"నేను తెలుగని ఎలా తెలిసింది పెద్దమ్మా?"

"మొకం సూత్తే తెల్దేటి?" అని నవ్విందామె.

కొట్టులో రద్దీ లేదు. అశ్వినికి హుషారు పుట్టింది. రోజంతా బెంగాలీ, హిందీ మాట్లాడీ మాట్లాడీ నోరు అలసిపోతుంది. ఇంట్లో అమ్మతో తప్ప తెలుగు ఎక్కడ?

"ఏటి కావాలి?"

"ఏటున్నాయో సెప్పు. ఇంటాను."

అశ్విని ఒక్కో సీసా తీసి చెప్పసాగింది. ఇది కూరలకి, ఇది పచ్చికూరల మీద పోసుకోడానికి, ఇది రొట్టెకి అద్దుకోడానికి. ఆమె సీసాల వంక చూడటం లేదు. చెబుతున్న పిల్ల నోటి వంకే చూస్తోంది.

"రుచి చూస్తారా?"

"నాకు సేతులు ఒణుకుతాయమ్మా. నీ గచ్చు మీద ఒలకబోసీస్తాను."

అశ్విని రొట్టెముక్క నూనెలో ముంచి, తనే ఆమె నోట్లో పెట్టింది.

ఆమె నమల్లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"గొంతు మండిందా? మంచి నూనెకి ఆ ఘాటు ఉంటుంది పెద్దమ్మా."

"అవునవును. మన ఆవనూనెలాగే," అని కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "దాని పక్కదేటి? అదీ సెప్పు."

అదీ చెప్పింది. దాని పక్కదీ చెప్పింది. మధ్యమధ్య ఆమె ఏవేవో అడిగింది. వేళకి తింటున్నావా, ఇంటికెలా వెళ్తావు, మీ అమ్మ ఒంట్లో బాగుందా. తెలుగు పెద్దవాళ్ళు ఎవరైనా అడిగేవే.

ఇంతలో నలుగురైదుగురు కొనేవాళ్ళు వచ్చారు. మేనేజర్ లలిత్ బాబు దూరం నుంచే వాచీ వేలితో తట్టి చూపించాడు.

అశ్విని గొంతు తగ్గించింది. "పెద్దమ్మా, ఏదైనా తీసుకుంటారా? మా మేనేజర్ దాదా చూస్తన్నాడు."

"అయ్యో, నీ మీద మాట రానిత్తానా? ఆ సిన్న సీసా ఇయ్యి."

"బిల్లుకి పేరు, ఉండే చోటు చెప్పండి."

"సన్యాసమ్మ. ఏక్‌బాల్‌పూర్."

సీసా సంచిలో పెట్టుకుని కూడా ఆమె కదల్లేదు.

"నీ డూటీ ఎప్పుడవుద్ది? బైట కూకుంటాను. ఇద్దరం టీ తాగుదుం."

"ఇవాళ కుదరదు పెద్దమ్మా. ఇంకోసారి వస్తారుగా, అప్పుడు తాగుదాం."

"నాను ఈ సాయంత్రమే బండెక్కీస్తన్నాను. ఓడల డాకులో మా ఆయన పని అయిపోనాది. మా ఊరు ఎలిపోతన్నాం. ఇంక రాము."

"అయితే జాగ్రత్తగా వెళ్ళండి," అని అశ్విని తర్వాతి మనిషి వైపు తిరిగింది.

ఆమె చెయ్యి చాచి అశ్విని బుగ్గలు నిమిరి, తన కణతల దగ్గర మెటికలు విరుచుకుంది. చూస్తున్నవాళ్ళు నవ్వారు. అశ్విని సిగ్గుపడింది.

బయటికి వెళ్ళాక కూడా ఆమె అద్దం అవతల చాలాసేపు నిలబడింది. అక్కడ పేర్చిన రంగురంగుల సీసాలు చూస్తోంది కాబోలు అనుకుంది అశ్విని.

మర్నాడు అశ్వినికి సెలవు. హౌరాలో వాళ్ళింటి వాకిట్లో అమ్మ జ్యోతిరాణి చేపలు కడుగుతోంటే, పక్కన కూర్చుని ఆ ముచ్చటంతా చెప్పింది. చెప్పులు విడవడం, కళ్ళనీళ్ళు, మెటికలు, అన్నీ ఆమెలాగే చేసి చూపించింది.

జ్యోతిరాణి పడీ పడీ నవ్వింది. "మొన్న మనవాళ్ళ పెళ్ళిలో నీ ఉద్యోగం ముచ్చట అందరికీ చెప్పీసినాను. ఆ నోటా ఈ నోటా విని వచ్చుంటాది. పేరేటంది?"

"సన్యాసమ్మ. ఏక్‌బాల్‌పూర్‌ట."

జ్యోతిరాణి చేతిలోని చేప గిన్నెలోకి జారిపోయింది.

"ఎక్కడే? ఎక్కడుంది ఇప్పుడు?"

"నిన్న సాయంత్రమే ఊరెళ్ళిపోయిందమ్మా. ఇంక రారంట. ఎవరావిడ?"

జ్యోతిరాణి తడి చేతులతోనే కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"నిన్ను కని నాను ఆస్పత్రిలో ఒళ్ళు తెలీకుండా పడుంటే, పక్క మంచం మీద తన బిడ్డని పోగొట్టుకుని కూడా నిన్ను ఒళ్ళో ఏసుకుని, నాను లేచినదాకా పాలిచ్చి బతికించింది ఆమేనే."