లైను పరీక్ష

"మా ఆయన కువైట్ నుంచి, పాప ఇక్కణ్ణుంచి కంప్యూటర్లో క్యారమ్స్ ఆడుకుంటారండి. ఆట మధ్యలోనే ఆగిపోతోంది. రేపల్లె నెట్ లైను పనికిరాదంటారాయన," అన్నాను.

లైన్‌మ్యాన్ దుర్గాశ్రీనివాస్ పరీక్ష పెట్టి చూశాడు. "ఒక్కసారి కూడా తెగట్లేదక్కా. ఆటకి ఇంతకన్నా మంచి లైను ఉండదు. ఓడిపోతూ లైనుమీద నెడుతున్నారేమో బావగారు," నవ్వాడు. "ఆగినప్పుడు ఏమన్నా రాస్తోందా?"

క్యాలెండర్ కాగితం ఇచ్చాను. ఏడో క్లాసులో ఆగిన చదువు నాది. తెరమీద వచ్చిన ఇంగ్లీషు వచ్చినట్టే చూసి దించాను, తొమ్మిదిసార్లు.

అతను చదివాడు. నవ్వు ఆగింది. "తొమ్మిదీ ఒకటేనక్కా. అవతలివాళ్లు ఆట ఆపి వెళ్లిపోయారని."

కాగితం మడిచాను.

పాప తరన్నుమ్ గడపలోకొచ్చింది. "లైను బాగైందా అమ్మీ?"

"ఇంకా లేదమ్మా."

వైరు చుట్టుకుంటూ అతను కాదనలేదు.