వాంతుల బేసిను

"ఛీ! దీన్నెవరైనా గోడకి తగిలిస్తారా నాన్నా?" అంటూ మిరన్ ఫొటోను మేకు నుంచి లాగి చెత్తసంచీలో పడేసింది.

అంతకుముందే దాన్ని దూరం నుంచి చూసి, చెరువు మీద వెన్నెల కాబోలని మురిసిపోయింది. దగ్గరికెళితే అంచున సొట్ట కనిపించింది. పోయిన చలికాలం, కన్నుమూసే ముందు, అమ్మ వాంతులు చేసుకున్న స్టీలు బేసిను అది.

"అమ్మ అంత అవస్థ పడుతుంటే కెమెరా పట్టుకున్నావా? నువ్వసలు మనిషివేనా?"

"నేను తీయలేదమ్మా." తండ్రి దోంగ్సు ఫొటోను సంచీలోంచి తీసి చొక్కాతో తుడిచాడు. "మీ అమ్మే తీసింది. నాచేత బేసిను తోమించి, కిటికీ దగ్గర పెట్టించి, ఓపిక తెచ్చుకుని మరీ తీసింది."

"తీయడానికి ఇంకేమీ దొరకలేదా? కిమ్చీ పచ్చడి జాడీలు లేవూ?"

"సియోల్ నుంచి నువ్వొచ్చినప్పుడల్లా, అమ్మ ఆ బేసిను అందుకోగానే ముక్కు మూసుకుని బయటికి పోయేదానివి కదా. ఇలాగైతే నా కూతురు మొహం తిప్పుకోకుండా చూస్తుందంది."

మిరన్‌కు ఈసారి తన మీద తనకే రోత పుట్టింది. ఫొటో అందుకుని గోడ దగ్గరికి వెళ్ళింది కానీ, మేకు ఎక్కడుందో కళ్ళకు ఆనలేదు.