ముప్పై మిల్లీవోల్టులు

అక్షిత ముందు రెండు సీసాలు, ఒక మీటరు ఉన్నాయి. రెండు సీసాల్లోనూ కాస్త మైలుతుత్తం కలిపిన నీళ్లే. రెండోది పది రెట్లు పల్చన అని చీటీ అంటించి ఉంది. ఆ తేడా కంటికి తెలియదు, మీటరు చెప్పాలి.

చంద్రపూర్ శివారులోని లోహపు పూతల ఫ్యాక్టరీలో ఒకే ఒక్క కెమిస్టు ఉద్యోగం. నాలాలోకి వదిలే నీళ్లలో రాగి ఎంతుందో రోజూ కొలిచి సర్కారుకు రాసివ్వాలి. ఆరుగురు వచ్చారు. లాల్‌పేట్ గనిలో తండ్రి చిన్నయ్యకు పని పోయాక, అక్షిత ట్యూషన్ల మీదే ఇల్లు ఈడ్చుకొస్తోంది.

పరీక్ష చిన్నదే. రాగి కడ్డీని ఒక్కో సీసాలో ముంచి మీటరు చూపిన అంకె రాయాలి. నీళ్లలో రాగి అయాన్లు పది రెట్లు తగ్గితే కడ్డీ పొటెన్షియల్ దాదాపు ముప్పై మిల్లీవోల్టులు పడిపోతుంది. డిగ్రీ చదివిన ఎవరికైనా కంఠతా వచ్చిన లెక్కే.

అక్షిత మీటరులో ఒక్క మిల్లీవోల్టు కూడా పడలేదు.

కడ్డీని గీకి, కడిగి, మళ్లీ ముంచింది. మీటరు మార్చింది. మళ్లీ అదే అంకె.

అదే ఉద్యోగానికి వచ్చి పక్క బల్ల దగ్గరున్న ఓంప్రకాష్ జాలిపడ్డాడు. "ముప్పై తగ్గిందని రాసెయ్ రాదు. అందరం గదే రాసినం. కాలేజ్‌ల జర్నల్ గట్లనే నింపితిమి గద."

నిజమే. ప్రాక్టికల్ జర్నల్‌ని, అంటే ల్యాబ్ రికార్డుని, సీనియర్లది చూసి నింపడం ఆ కాలేజీల్లో తప్పేమీ కాదు, చదువులో భాగం. పాపం, అక్షితకే చెయ్యాడలేదు. 'తేడా లేదు' అని రాసిచ్చింది.

చీఫ్ కెమిస్టు గిరిధర్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివాడు.

"పుస్తకంల ఏమున్నదమ్మా?"

"ముప్పై తగ్గాలె సార్. నాలుగుసార్లు చూసిన, తగ్గలే."

"తగ్గిందని రాస్తే నీదేం పోతుండె?"

"ఇయ్యాల రాస్తే, రేపు నాలా నీళ్లకు గూడ రాస్త సార్."

గిరిధర్ మెత్తగా నవ్వాడు. "మంచిది. పోయి రా బిడ్డా."

మర్నాడు ఉద్యోగం ఓంప్రకాష్‌కు వచ్చింది.

అక్షిత పాత పుస్తకాలన్నీ తిరగేసింది. ఎక్కడ పొరపాటు చేసిందో దొరకలేదు. తనకే రానిది పిల్లలకేం చెప్పాలని కెమిస్ట్రీ ట్యూషన్లు మానేసింది.

కనబడింది కనబడినట్టు రాసే మనిషిని ముందే ఏరి పారేయడానికి, ఆ పొద్దున అందరి బల్లల మీదా రెండు సీసాల్లోనూ ఒకే ద్రావణం నింపి పెట్టింది గిరిధరే.